మడిపాక్కం ఓఎస్ఆర్ స్థలం: కౌన్సిలర్ కట్టిస్తానన్న గోడకు ఒప్పుకోవచ్చా?

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నాకు అర్థమైంది ఇది. చెన్నై మడిపాక్కంలో మీ వీధి చివర రెండు గ్రౌండ్ల (4,800 చదరపు అడుగుల) ఓఎస్ఆర్ స్థలం ఉంది, అంటే లేఅవుట్ వేసినప్పుడు అందరి కోసం ఖాళీగా వదిలిన జాగా. పదేళ్లుగా దాని ముఖం చూసినవాళ్లు లేరు. ఇళ్లు పడగొట్టిన రాళ్లూ మట్టీ తెచ్చి పోస్తున్నారు. దగ్గర్లోనే టాస్మాక్ కొట్టు, అంటే సర్కారు మద్యం దుకాణం, ఉంది కాబట్టి సాయంత్రం ఆరైతే సీసాలతో చేరుతున్నారు. ట్యూషన్ నుంచి వచ్చే ఆడపిల్లలు చుట్టు తిరిగి వేరే వీధి గుండా ఇల్లు చేరుతున్నారు. కౌన్సిలర్‌ను కలిస్తే ఏడడుగుల ప్రహరీ, ఇనుప గేటు, ఎనిమిది కెమెరాలు, లోపలంతా పేవర్ బ్లాకులు, మొత్తం 25 లక్షల్లో వార్డు నిధుల నుంచి చేయిస్తానన్నారు. ఒప్పుకోవచ్చా, ఇంకెక్కడైనా డబ్బు దొరుకుతుందా, ఇదంతా చేస్తే తాగేవాళ్లు పోతారా అని మీ ప్రశ్న.

డబ్బు పెడతాననే కౌన్సిలర్ దొరకడం అదృష్టమే. డబ్బు వద్దనకండి. గోడ మాత్రం వద్దనండి.

నా సంగతి ఒక్క ముక్క. స్థానిక సంస్థల్లో సివిల్ పనులు చూస్తూ 31 ఏళ్లు గడిపి రిటైరయ్యాను. మా తాత కాలం నుంచీ పెరంబూర్‌లోనే ఉంటున్నాం. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఇలాంటి స్థలాలకు అంచనాలు రాశాను. రిటైరయ్యాక మా వీధి సంఘం తరఫున అర్జీ పట్టుకుని అలాంటి ఆఫీసుల వరండాల్లోనే నిలబడ్డాను. రెండో పని చేశాకే మొదటి పనిలో నేను చేసిన తప్పులు తెలిశాయి.

పెద్ద తప్పు గోడ విషయంలోనే. చాలా ఏళ్ల కిందట ఒక శివారులో నా చేతుల మీదుగా ఒక పార్కు కట్టాం. ఏ ఊరో వద్దులెండి. అక్కడా ఇదే గొడవ, తాగుడూ చెత్తా. ఆరున్నర అడుగుల గోడ కట్టి, గేటు పెట్టి, మధ్యలో ఫౌంటెన్ కూడా పెట్టాం. మేళతాళాలతో ప్రారంభోత్సవం జరిగింది. ఎనిమిది నెలలు తిరక్కుండానే ఫౌంటెన్ మోటారు మాయమైంది. గేటు తాళంచెవి ఎవరి దగ్గరుందో ఎవరూ చెప్పలేరు. గోడ దూకేవాళ్లు దూకుతూనే ఉన్నారు. ఒకరోజు ఆ వీధి పెద్దాయన ఆఫీసుకొచ్చి, "ఇదివరకు రోడ్డున పోయేవాళ్లకు కనబడతామని కాస్త సిగ్గుపడుతూ తాగేవాళ్లు సార్. ఇప్పుడు మీరు వాళ్లకు బార్ కట్టించిపెట్టారు" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. తాగేవాడికి కావలసిందల్లా నలుగురి కంట పడకపోవడం. ఆరున్నర అడుగుల గోడ సరిగ్గా అదే ఇచ్చింది, సర్కారు ఖర్చుతో.

రెండేళ్ల తర్వాత ఆ గోడను రెండున్నర అడుగులకు కోయించి, పైన ఇనుప చువ్వల గ్రిల్ పెట్టించాం. కట్టిన గోడను ఎందుకు కూల్చారంటూ వచ్చిన ఆడిట్ అభ్యంతరానికి సమాధానం చెప్పుకోవడానికి నాకు ఏడాది పట్టింది, అది వేరే కథ.

గ్రిల్ పెట్టాక సగం బాగుపడింది. మిగతా సగం ఒక ఇస్త్రీ బండి వల్ల బాగుపడింది. గేటు పక్క చింతచెట్టు కింద ఒకతను చాలాకాలంగా బండి పెట్టుకుని ఉండేవాడు. పని మొదలైనప్పుడు అడ్డమని మేమే లేపేశాం. తర్వాత ఆ వీధివాళ్లే పోరి అతన్ని వెనక్కి పిలిపించారు. పొద్దున ఏడు నుంచి రాత్రి తొమ్మిది దాకా అక్కడే నిలబడి ఉంటాడు. ఏ చొక్కా ఏ ఇంటిదో, ఏ పిల్లాడు ఎవరి కొడుకో అతనికి తెలుసు. జీతమిచ్చి పెట్టిన వాచ్‌మన్ కుర్చీలో కునుకు తీస్తాడు, ఇతను కునుకు తీస్తే బట్టలు కాలిపోతాయి. సాయంత్రం అతని పక్కనే ఒకావిడ ఇడ్లీ బండి పెట్టింది. ఆ దీపం, ఆ ఆవిరి, నిలబడి తినే పదిమంది. అంతే, లోపల కూర్చుని తాగేవాళ్లకు అక్కడ ఉక్కపోత మొదలైంది. మీ స్థలం మూల మీద అలాంటివాళ్లు ఎవరైనా ఇప్పటికే ఉంటే, పని మొదలయ్యేటప్పుడు వాళ్లను లేపేయకుండా చూడండి. వీధి వ్యాపారుల చట్టం 2014లోనే వచ్చింది, గుర్తింపు కార్డు తీసుకోమని వాళ్లకు చెప్పండి.

కత్తిపారా వంతెన కింద చూసే ఉంటారు. 2021 డిసెంబరులో అర్బన్ స్క్వేర్ తెరవక ముందు అక్కడ చీకటి పడ్డాక ఎవరు దిగేవారు? ఇప్పుడు బస్సులు ఆగుతాయి, తిండి కొట్లున్నాయి, పొద్దుపోయాక కూడా పిల్లల్ని వేసుకుని జనం వస్తున్నారు. అంత డబ్బు మీకు రాదు, అక్కర్లేదు కూడా. అక్కడ పనిచేసింది జనం ఉండడమే.

అందుకని కౌన్సిలర్‌కు జవాబు చెప్పేముందు రెండు వారాలు ఒక చిన్న పని చేయండి. ఒక నోటు పుస్తకం పెట్టుకుని పొద్దున ఆరు, సాయంత్రం నాలుగున్నర, ఆరున్నర, రాత్రి తొమ్మిది, ఈ నాలుగు వేళల్లో ఆ స్థలం దగ్గర ఎవరున్నారో, ఏం చేస్తున్నారో రాయండి. మీ ఒక్కరికీ కష్టం, నలుగురు పంచుకోండి. 'తాగుబోతులు' అని ఒకే మాటలో రాయకండి. కూలి పని ముగించి ఒక క్వార్టర్ తాగి అరగంటలో పోయే మేస్త్రీ వేరు, గంజాయి పొట్లాలు చేతులు మార్చేవాడు వేరు. ఇంట్లో చోటు లేక బండి మీద కూర్చుని ఫోన్ చూసుకునే కుర్రాళ్లు వేరు. మొదటివాడికి వెలుగు చాలు, రెండోవాడికి పోలీసు కావాలి, మూడోవాళ్లకు ఆడుకోవడానికి చోటు కావాలి. ముగ్గురికీ కలిపి ఒకే గోడ కట్టడమే మనం ఎప్పుడూ చేసే పని. టాస్మాక్ కొట్లు మధ్యాహ్నం 12కు తెరిచి రాత్రి 10కి మూస్తారు, కాబట్టి మీ గొడవంతా ఆరుకూ పదిన్నరకూ మధ్యే ఉంటుందని నా ఊహ. మీ నోటు పుస్తకం అదే చెబితే, మీరు గెలుచుకోవాల్సింది ఆ నాలుగున్నర గంటలు.

రెండో పని, స్థలం ఎవరిదో తేల్చుకోవడం. ఓఎస్ఆర్ అని అందరూ అంటున్నారు సరే. 10,000 చదరపు మీటర్లు దాటిన లేఅవుట్ వేస్తే పది శాతం ఖాళీగా వదిలి స్థానిక సంస్థకు దానపత్రం రిజిస్టర్ చేసివ్వాలి. అయితే మడిపాక్కం 2011లోనే కదా కార్పొరేషన్‌లో కలిసింది, నగరం 174 చదరపు కిలోమీటర్ల నుంచి 426కు పెరిగినప్పుడు. అంతకు ముందు పంచాయతీ. ఆ కాలపు లేఅవుట్లలో మ్యాపు మీద పార్కు అని ఆకుపచ్చ రంగు ఉంటుంది, దానపత్రం మాత్రం ఉండదు, పట్టా ఇంకా లేఅవుట్ వేసినాయన పేరు మీదే ఉంటుంది. ఇలాంటివి నేనే అరడజను చూశాను. అంచనా తయారయ్యాక ఆయన మనవడు కోర్టుకెళ్తే పని ఆగిపోతుంది, ఆ ఏడాది నిధి వేరే వీధికి వెళ్లిపోతుంది. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్లు చూపే పత్రం) తీయించండి. జోనల్ ఆఫీసుకు పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ స్థలం కార్పొరేషన్ పార్కుల జాబితాలో ఉందా, దానపత్రం నంబరెంత అని అడగండి. ఈ కాగితం చేతిలో లేకుండా పైసా ఖర్చు గురించి మాట్లాడొద్దు.

ఇక డబ్బు. మీ స్థలం పదేళ్లు పాడుబడి ఉండడానికి ఒక కారణం మీకు తట్టి ఉండదు: 2016 అక్టోబరు నుంచి 2022 దాకా చెన్నైకి కౌన్సిలే లేదు. అర్జీ ఇవ్వడానికి మీకంటూ ఒక మనిషి లేడు. 2022 ఫిబ్రవరి ఎన్నికలతో 200 మంది కౌన్సిలర్లు వచ్చారు, వార్డు అభివృద్ధి నిధీ వచ్చింది. మొదట్లో ఏడాదికి 35 లక్షలుండేది, పెరుగుతూ 2025-26 బడ్జెట్‌కు 60 లక్షలైంది. వినడానికి బాగానే ఉంది. 2011 జనాభా లెక్కల్లో ఈ 426 చదరపు కిలోమీటర్లలో 67 లక్షల మంది, అంటే వార్డుకు సగటున 33 వేలు. తలకు 180 రూపాయలు. అందులో కాలువలు, రోడ్ల ప్యాచీలు, అంగన్‌వాడీ కప్పులు అన్నీ పోవాలి. మీ వీధి చివరి స్థలానికే 25 లక్షలు పెడితే వార్డు డబ్బులో నలభై శాతం పైనే అక్కడ పోసినట్టు. పక్క వీధులవాళ్లు ఊరుకోరు. వచ్చే ఏడు మీరు లైటు వెలగడం లేదని వెళ్తే 'మీకు చేశాంగా' అనే మాట వినాల్సి వస్తుంది. అదీగాక ఈ నిధి కట్టడానికే గాని, కట్టిన తర్వాత రోజూ ఊడ్చే మనిషి జీతానికి కాదు.

కౌన్సిలర్ గోడే ఎందుకు ఇస్తామంటారో కూడా చెప్పాలి. అందులో దురుద్దేశం వెతకకండి. గోడకు అంచనా రాయడం ఏఈకి (అసిస్టెంట్ ఇంజనీరుకు) అరపూట పని, టెండరు సులువు, కట్టాక కంటికి కనబడుతుంది, శిలాఫలకం పెట్టడానికి దాని మీదే చోటుంటుంది. 'సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా జనం ఉండేలా చేయుట' అనే పనికి రేట్ల పుస్తకంలో రేటు లేదు. అందుకే అడిగేవాళ్లు వివరంగా అడగాలి.

నేనైతే ఇలా అడుగుతాను. ముందు రాళ్లూ మట్టీ ఎత్తించి నేల చదును చేయాలి. చుట్టూ రెండున్నర అడుగుల పిట్టగోడ, పైన గ్రిల్. రెండు వైపులా దారి, ఎందుకంటే ఒకే గేటున్న చోటికి ఒంటరిగా వెళ్లడానికి ఆడవాళ్లు జంకుతారు. నాలుగు మీటర్ల దీపస్తంభాలు నాలుగు. ఇక్కడ జాగ్రత్త, వదిలేస్తే పది మీటర్ల స్తంభం ఒకటి పాతి పైన పెద్ద ఎల్ఈడీ పెడతారు. చెట్టు గుబురు పైన పట్టపగల్లా ఉంటుంది, కింద చీకటి అలాగే ఉంటుంది. ఒక కుళాయి. కూర్చునే బల్లలు వెనక మూలల్లో కాకుండా రోడ్డు వైపు. 44 అడుగులకు 20 అడుగులు గీత గీస్తే షటిల్ కోర్టు అయిపోతుంది, రెండు గ్రౌండ్లంటే 4,800 చదరపు అడుగులు కాబట్టి అది పోను చుట్టూ నడవడానికి బాట కూడా వస్తుంది. ఆ బండి మీది కుర్రాళ్లకే వలా బ్యాట్లూ అప్పగించండి. నవ్వకండి, మా వీధిలో చేశాం. తాళంచెవి కూడా వాళ్లలో ఒకడి దగ్గరే ఉంది, నాలుగేళ్లుగా పోలేదు.

పేవర్ బ్లాకులు స్థలమంతా పరచడానికి అస్సలు ఒప్పుకోవద్దు. 2015లోనూ, 2023 డిసెంబరు మిచౌంగ్ తుపానులోనూ మీ మడిపాక్కం ఎలా మునిగిందో మీకు నేను చెప్పాలా? మధ్యలో నేలను కాస్త పల్లంగా వదిలి నీరు ఇంకే గుంట అడగండి. దీనివల్ల ఇంకో లాభముంది. ఇలాంటి స్పాంజ్ పార్కుల మీద కార్పొరేషన్ కొన్నేళ్లుగా ఆసక్తి చూపిస్తోంది. అర్జీలో 'పార్కు' అని మాత్రమే రాయకుండా 'వాననీరు నిలిచే స్పాంజ్ పార్కు' అని రాస్తే మీ కాగితం వెళ్లే బల్ల మారుతుంది.

ఈ పనంతా నా లెక్కన కౌన్సిలర్ చెప్పిన దాంట్లో సగం లోపే అవుతుంది. దాన్నీ మొత్తం వార్డు నిధి మీదే వేయకండి. నమక్కు నామే తిట్టం అని ఒకటుంది, మన మాటలో 'మనకు మనమే' పథకం. జనం కనీసం మూడో వంతు వేసుకుంటే మిగతాది ప్రభుత్వం ఇస్తుంది. 9 లక్షల పనికి మీరు 3 లక్షలు కట్టాలి, వంద ఇళ్లుంటే ఇంటికి మూడు వేలు. వసూలు చేయడం తలనొప్పే. పక్కింటివాళ్లతో మాటలు పోతాయి, నాకు రెండిళ్లతో పోయాయి. కానీ డబ్బు కట్టిన వీధివాళ్లు సైటు మీదికి వచ్చి నిలబడతారు, సిమెంటు పాళ్లు అడుగుతారు, కాంట్రాక్టరు కాస్త ఒళ్లు దగ్గర పెట్టుకుంటాడు. ఎమ్మెల్యేకు నియోజకవర్గ నిధి ఏడాదికి 3 కోట్లుంటుంది, దీపాల్లాంటి చిన్న వాటికి ఆ తలుపూ తట్టొచ్చు. పెరుంగుడి, ఓఎంఆర్ రోడ్డు వైపు పెద్ద కంపెనీలు మీకు దగ్గరే. 2013 కంపెనీల చట్టం కింద లాభాల్లో రెండు శాతం సామాజిక పనులకు ఖర్చు పెట్టాల్సినవాళ్లు. వాళ్లు వచ్చి ఒక ఆదివారం గోడలకు రంగులేసి ఫొటోలు దిగి వెళ్తామంటారు. రంగులు వద్దు, మూడేళ్లు తోటమాలి జీతమివ్వండి అని అడగండి. పదిమందిలో తొమ్మిదిమంది జారుకుంటారు, పదోవాడు చాలు.

నిర్వహణ ఎవరిదో కాగితం మీద తేలకుండా శంకుస్థాపనకు కొబ్బరికాయ కొట్టనివ్వకండి. స్థలం కార్పొరేషన్ పార్కుల జాబితాలోకి ఎక్కితే నిర్వహణ కాంట్రాక్టులోకి వస్తుంది, నీళ్లూ మనిషీ వస్తాయి. ఎక్కకపోతే మీరే దత్తత తీసుకుంటామని రాసివ్వాలి. కొట్టూర్‌పురంలో చెత్త పడే స్థలాన్ని 2006 నుంచి నిళల్ సంస్థవాళ్లు చెట్ల పార్కుగా మార్చారు. ఒకసారి వెళ్లి చూడండి. అక్కడ ఖరీదైన కట్టడమేదీ కనిపించదు, వారం వారం వచ్చి చేతులు మట్టి చేసుకునేవాళ్లు కనిపిస్తారు.

ఇంకో ప్రమాదం డబ్బున్న పరిష్కారంతో వస్తుంది. 'ప్రైవేటుకిస్తే శుభ్రంగా ఉంచుతారు, టికెట్ పెడితే తాగేవాళ్లు రారు' అని మీ సంఘంలోనే ఎవరో ఒకరు అంటారు. 2024 అక్టోబరులో కార్పొరేషన్ కౌన్సిలే తొమ్మిది ఫుట్‌బాల్ మైదానాలను అలా ప్రైవేటుకు అప్పగిస్తూ తీర్మానం చేసింది. ఆడే పిల్లలు మనిషికి 120 రూపాయలు కట్టాలన్న మాట బయటికి రాగానే ఊరంతా గొడవై తీర్మానం వెనక్కి తీసుకున్నారు. టికెట్ పెడితే ముందు ఆగేది తాగేవాడు కాదు, ఇస్త్రీ బండి అతని కొడుకు.

కెమెరాల గురించి క్లుప్తంగా. చెన్నై పోలీసులు 'మూండ్రావదు కణ్' (మూడో కన్ను) పేరుతో ప్రచారం చేసి ఊరంతా కెమెరాలు పెట్టించారు, గొలుసు దొంగల కేసుల్లో అవి అక్కరకొచ్చాయి. దొంగ పారిపోయాక ఎటు పోయాడో చూపించడానికి కెమెరా పనికొస్తుంది. కూర్చుని తాగుతున్నవాణ్ని అది లేపదు. ఎనిమిది అక్కర్లేదు, రెండు దారుల మీద చెరొకటి చాలు, అదీ కరెంటు బిల్లు ఎవరు కడతారో తేలాకే. దానికంటే స్టేషన్ ఇన్‌స్పెక్టర్‌ను కలిసి, మీ నోటు పుస్తకం చూపించి, రాత్రి గస్తీవాళ్లు సంతకం పెట్టే పట్టా పుస్తకం ఒకటి ఆ మూల మీద పెట్టించమనండి. కానిస్టేబుల్ రోజూ తొమ్మిదింటికి అక్కడ బండి ఆపితే చాలు. బహిరంగంగా తాగి గొడవ చేసేవాళ్ల మీద పెట్టే నగర పోలీసు చట్టం 75వ సెక్షన్ కింద కేసు రాయమని పట్టుబట్టకండి, మేస్త్రీ జరిమానా కట్టి మర్నాడు మళ్లీ వస్తాడు. గంజాయి సంగతైతే మాత్రం మీరు నేరుగా వెళ్లకండి, 112కు ఫోన్ చేయండి.

టాస్మాక్ కొట్టునే ఎత్తించడం గురించి అడిగారు. కార్పొరేషన్ పరిధిలో బడికీ గుడికీ 50 మీటర్ల లోపల ఉండకూడదని నిబంధన. మీరు చెప్పిన దూరాన్ని బట్టి అది వర్తించదు. కలెక్టర్‌కు అర్జీ ఇవ్వండి, ఇస్తూ ఉండండి, 2023 జూన్‌లో ప్రభుత్వం 500 కొట్లు మూసినప్పుడు అలాంటి అర్జీలకూ విలువ వచ్చింది. కానీ కొట్టు పోయాకే స్థలం బాగుచేద్దామని కూర్చుంటే మీ అమ్మాయి కాలేజీ కూడా అయిపోతుంది.

వినాయకుడి గుడి కట్టేస్తే ఎవరూ తాగరని మీ మామగారు అన్నారన్నారు. గోడల మీద దేవుళ్ల టైల్స్ అతికించి మూత్రం పోయకుండా ఆపడం మనకు అలవాటే, కొంతకాలం పనిచేస్తుంది కూడా. కానీ పబ్లిక్ స్థలాల్లో కొత్తగా గుడి, మసీదు, చర్చి ఏదీ కట్టకూడదని సుప్రీం కోర్టు 2009 సెప్టెంబరులోనే ఉత్తర్వు ఇచ్చింది. పైగా అర గ్రౌండు గుడికి పోతే మిగతాది చందాల కమిటీకి పోతుంది. ఆయనకు కోపం రాకుండా మీరే చెప్పుకోవాలి. చవితికి పదిరోజులు పందిరి వేసుకోవడానికి అక్కడే చోటుంటుందని చెప్పి చూడండి.

అర్జీ తమిళంలో రాయించండి, తెలుగు సంఘం లెటర్‌హెడ్ మీద వద్దు. 'వాళ్ల గొడవ' అనిపించుకుంటే పని సగం పోయినట్టే. పదిమంది తమిళుల సంతకాలు, ఆ మూల అద్దె ఇళ్లలో ఉండేవాళ్ల సంతకాలు ముందు వరసలో ఉండాలి. మీ తెలుగు వేరేచోట పనికొస్తుంది. ఈ ఊళ్లో వీధులు ఊడ్చేవాళ్లలో తరతరాలుగా మన భాష మాట్లాడే కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. మీ వీధికొచ్చే ఆవిడ తెలుగావిడైతే ఒక పూట నిలబెట్టి కాఫీ ఇచ్చి అడగండి. ఏ రోజు ఎన్ని సీసాలు ఏరిందో, రాళ్ల లారీ ఏ వేళకు వస్తుందో ఆవిడకు తెలిసినంత మీ ఏఈకి తెలియదు. అవన్నీ పట్టుకుని ఏరియా సభకు, అంటే మీ వార్డు జనం సమస్యలు చెప్పుకునే సభకు, వెళ్లండి. అంబేద్కర్ జయంతి, అణ్ణా జయంతి లాంటి రోజుల్లో పెడతారు, జనం పలచగా ఉంటారు, ఇరవైమంది వెళ్తే సభ మీదే. మీరు చెప్పింది మినిట్స్‌లో రాయించి, చదివించుకుని, కాపీ తీసుకుని రండి.

చివర్లో వేపచెట్టు కొట్టేయాలా అని అడిగారు, దాని చాటునే కూర్చుంటున్నారని. కొట్టొద్దు. ఏడడుగుల లోపలున్న కొమ్మలు తీయించండి, అదీ పార్కుల విభాగానికి రాసిచ్చి వాళ్ల మనుషులతోనే. కింద పెరిగిన సర్కారుతుమ్మ పొదలు మాత్రం వేళ్లతో సహా లాగించేయండి, వానాకాలం మొదలయ్యేలోపు.